నాలుగు నెలల వాకింగ్, తగ్గింది కేజీ. తప్పెక్కడ?

గుంటూరు_ఘాటు
వయసు 41, ఎత్తు 170 సెం.మీ., బరువు 81. మొన్నటి రిపోర్టులో ఫాస్టింగ్ షుగర్ 112, ఎ1సి (రెండు మూడు నెలల షుగర్ సరాసరి) 6.1. మందులేమీ రాయలేదు, పద్ధతి మార్చుకుని మూడు నెలలాగి రమ్మన్నారు. నాలుగు నెలలుగా రోజూ 40 నిమిషాలు నడుస్తూనే ఉన్నా. 82 కాస్తా 81 అయింది, అక్కడే ఆగింది. ఆఫీసులో కుర్చీ, ఇంట్లో ఏం వండితే అది, ఆదివారం చుట్టాలు. నా చేతిలో ఉన్నది వాకింగొక్కటే, అది చేస్తున్నా. ఇంకేం చెయ్యాలి? జిమ్‌కి ఏడాది ఫీజు ఒకేసారి కట్టేద్దామా, మిల్లెట్సుకి మారదామా?

పుణుగుల_ప్రెసిడెంట్
పార్కు గేటు ముందు టిఫిన్ బండి ఉందా? అది ముందు చెప్పండి.

గుంటూరు_ఘాటు
ఉంది. రోజూ కాదు లెండి, వారానికి మూడుసార్లు.

పుణుగుల_ప్రెసిడెంట్
కేసు కొట్టేశాం.

కొలత_తప్పదు
నవ్వులాట సరే, లెక్క చూద్దాం. చదును నేల మీద నడిస్తే, ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చు పోను, కేజీ బరువుకి కిలోమీటరుకి అర కేలరీ చొప్పున వేసుకోవచ్చు. 81 కేజీలకి కిలోమీటరుకి 40. గంటకి 5 కి.మీ. నడకైతే 40 నిమిషాల్లో 3.3 కి.మీ., అంటే 130 కేలరీలు. 120 రోజులకి 15,600. కేజీ కొవ్వుకి 7,700 అనుకుంటే 2 కేజీలు తగ్గాలి. మీకు తగ్గింది ఒకటి. రెండోది మళ్ళీ కంచంలోంచే వచ్చింది. నడిచొచ్చాక ఆకలేస్తుంది, ఒక ఇడ్లీ, ఒక గరిటె పల్లీ చట్నీ ఎక్కువ పడతాయి. అంతకన్నా పెద్ద మాయేమీ లేదు.

చేతి వాచీ 250 చూపిస్తుంది. అందులో కూర్చున్నా ఖర్చయ్యేది కూడా కలిసి ఉంటుంది, దాన్ని చూసి గారె తినకండి.

ఇంకో మాట. మీ బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క, 28. మనవాళ్ళకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కిందే లెక్క. నడుము చుట్టుకొలత చెప్పండి. ప్యాంటు సైజు వద్దు, అది బొడ్డు కింద కట్టేది. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యలో టేపు పెట్టి, ఊపిరి వదిలాక చూడాలి.

గుంటూరు_ఘాటు
101 సెం.మీ. ప్యాంటు 36 అంగుళాలు. ఇన్నాళ్ళూ 36 అనే నమ్ముతున్నా.

కొలత_తప్పదు
మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 గీత. మీకు ఎదురుగా ఉన్న అసలు అంకె అదే. బరువు కదలని నెలలో కూడా నడుము తగ్గొచ్చు కాబట్టి పదిహేను రోజులకోసారి కొలిచి రాసుకోండి.

వంటింటి_లెక్క
"నా చేతిలో ఉన్నది వాకింగొక్కటే" దగ్గర ఆగిపోయాను. వండేది ఇంట్లోవాళ్ళే అయినా నూనె టిన్ను మోసుకొచ్చేది ఎవరు? వడ్డించుకునే గరిటె ఎవరి చేతిలో ఉంటుంది? వండినవాళ్ళ మీద తోసేసే ముందు ఒక్క పని చెయ్యండి. టిన్ను మూత మీద స్కెచ్ పెన్నుతో తెరిచిన తేదీ రాయండి. అయిపోయిన రోజు మళ్ళీ రాయండి. టిన్ను ఎన్ని లీటర్లు, ఎన్ని రోజులొస్తోంది, తినేవాళ్ళు ఎందరు?

గుంటూరు_ఘాటు
5 లీటర్లు. బిల్లులు చూస్తే 32 రోజులకోసారి కొంటున్నాం. నలుగురం.

వంటింటి_లెక్క
5000 మి.లీ. బై 32, రోజుకి 156. మనిషికి 39 మి.లీ. లీటరు నూనె 910 గ్రాములు గనక 35 గ్రాములు, గ్రాముకి 9 కేలరీలు, మొత్తం 320. ఇందులో ఆవకాయ మీద తేలే నూనె, నెయ్యి, బయట తిన్న బజ్జీలు లేవు. టిన్ను 50 రోజులు వచ్చేలా చూస్తే మనిషికి 25 మి.లీ., దాదాపు 205 కేలరీలు. మిగిలిన 115 మీ 40 నిమిషాల నడకకి దగ్గర్లో ఉంది, అదీ చెమట పట్టకుండా.

టిన్నుతో నేరుగా మూకుట్లోకి వంచితే ఎంత పడిందో దేవుడికి కూడా తెలీదు. పొద్దున్నే 100 మి.లీ. ఒక సీసాలోకి తీసి పొయ్యి పక్కన పెట్టాలి, ఆ రోజుకి అంతే. వంకాయ, బెండకాయ, దొండకాయ వేపుళ్ళే ఎక్కువ తాగుతాయి. ముక్కలకి ఉప్పేసి మూత పెట్టి సగం మగ్గించి, చివర్లో మూత తీసి వేపితే సగం నూనెకే రంగొస్తుంది. మూత తీసినప్పుడు ఆవిరి నీళ్ళు మూకుట్లో పడనివ్వకండి, ముద్దయిపోతుంది. ఇనప మూకుడైతే బాగా కాలాక నూనె వెయ్యండి, లేకపోతే అంటుకుంటుంది, అంటుకుందని మళ్ళీ వంచుతారు.

పుణుగుల_ప్రెసిడెంట్
టిన్ను మీద తేదీ అంటే గ్యాస్ బండ మీద రాసినట్టే. ఇన్నాళ్ళూ బండకున్న మర్యాద నూనెకి ఇవ్వలేదు మనం.

ఉప్పల్_ఉదయం
మిల్లెట్స్ సంగతి ఎవరూ చెప్పకపాయె. కొర్రలైనా, సామలైనా, అరికెలైనా వంద గ్రాములకు బియ్యమంతే, జర అటూ ఇటుగా 350 కేలరీలు. పీచు ఎక్కువ, కడుపు నిండినట్టుంటది, షుగర్ జర నిదానంగ ఎక్కుతది, గది నిజమే. గని "కొర్రన్నమే గదా" అని రెండు ప్లేట్లు పెట్టుకుంటే ఏం ఫాయిదా? రాగి జావ ఇంకా మోసం. మెత్తగ పిండి పట్టిచ్చి, గంజి లెక్క ఉడకబెట్టి, మీదికెళ్ళి బెల్లం కలుపుతరు. బెల్లం గూడ షుగరే అన్నా.

మా తార్నాకలున్న జాతీయ పోషకాహార సంస్థ 2024ల ఇచ్చిన లెక్క, 2000 కేలరీల మనిషికి రోజుకు: ధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, నూనె 27. మన ప్లేటు జూడు, ధాన్యం 400, కూర వంద అయితది. ఉల్టా పెట్టుకుంటున్నం.

డాలస్_గోంగూర
కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మి.లీ., దాంట్లో బియ్యం 150 గ్రాములు. ఇక్కడి అమెరికా కొలత కప్పు 240 మి.లీ., 190 గ్రాముల దాకా పడుతుంది. "నేనూ మూడు కప్పులే" అని ఇద్దరు మాట్లాడుకుంటే తేడా 120 గ్రాములు. గ్లాసు, సోల, గిద్దె అయితే ఇక చెప్పక్కర్లేదు, ఊరికో సైజు. గ్రాముల్లో చెప్పుకుంటేనే కుదురుతుంది.

కొలత_తప్పదు
అవును. కాటా మీద ఉడికిన అన్నం తూచే పద్ధతి చెప్తా. ఖాళీ తపేలా ఒకసారి తూచి దాని బరువు గోడ మీద రాసెయ్యండి. వండాక అన్నంతో సహా తూచి అది తీసెయ్యండి. 450 గ్రాముల బియ్యం 1,250 గ్రాముల అన్నం అయిందనుకోండి, 2.8 రెట్లు. పాత బియ్యం ఎక్కువ ఒదుగుతుంది, కొత్తవి తక్కువ. కాబట్టి బస్తా మారినప్పుడల్లా చూసుకోవాలి. పూటకి 70 గ్రాముల బియ్యం చాలనుకుంటే కంచంలో 195 గ్రాముల అన్నం. వారం రోజులు తూస్తే చాలు, ఎనిమిదో రోజుకి హస్తానికే తెలిసిపోతుంది.

నలుగురికి 450 వండుతుంటే మనిషికి 112, దాదాపు 390 కేలరీలు. 70 అయితే 245. రెండు పూటలకి 290 మిగులు. అందులో కూర, పప్పు పెంచినందుకు 100 పోయినా 190. నూనెవి 115 కలిపితే రోజుకి 300 దాకా. 12 వారాలకి కాగితం మీద 3 కేజీల పైమాటే.

వంటింటి_లెక్క
అన్నం తగ్గించి ఊరుకుంటే సాయంత్రం ఐదింటికి మిక్చరు డబ్బా తెరుస్తారు. తీసిన అన్నం జాగాలోకి కూర రావాలి. పూటకి 200 గ్రాముల కూర అంటే చిన్న గిన్నె నిండా. ముందు కూర, పప్పు కాస్త తిని ఆ తర్వాత అన్నం కలుపుకుంటే షుగర్ అంత నిటారుగా లేవదు. ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. మిగిలింది పారెయ్యలేక తినేసేది ఇంట్లో ఆడవాళ్ళే. మీరొక్కరు తగ్గించి వండేది తగ్గించకపోతే మీ కంచంలో తగ్గింది ఆవిడ కంచంలోకి వెళ్తుంది. బియ్యం కడిగే ముందే తగ్గించాలి.

కందిపచ్చడి
పప్పు పెంచమంటున్నారు గానీ ఎంత? మాంసకృత్తులు రోజుకి ఒంటి బరువు కేజీకి 0.83 గ్రాములు, 81కి 67. మన పప్పుచారులో తేలేది అందులో పావలా వంతు కూడా ఉండదు. లెక్క ఇలా: కందిపప్పు పచ్చిది 50 గ్రాములు, 11. గుడ్లు రెండు, 12. పెరుగు 200 గ్రాములు, 7. బియ్యం 140 గ్రాముల్లో 10. కాఫీ టీల్లో పాలు 200 మి.లీ., 6. నానబెట్టిన శనగలు 30 గ్రాములు ఎండువి, 6. అన్నీ కలిపి 52. చికెన్ లేని రోజు మీల్ మేకర్ ఎండువి 25 గ్రాములు వేస్తే ఇంకో 13, అక్కడికి 65. మీల్ మేకర్ వేణ్ణీళ్ళలో నానబెట్టి, రెండుసార్లు గట్టిగా పిండితే ఆ పచ్చి వాసన పోతుంది. పిండకుండా కూరలో వేసినవాళ్ళే అది బాగోదంటారు.

కిడ్నీ తేడా ఉన్నవాళ్ళు ఈ లెక్క పాటించొద్దు, డాక్టరు చెప్పినంతే.

బస్కీల_బాషా
నడక ఒక్కటే చేస్తే కండ మిగలదు భాయ్. తిన్న షుగర్‌ని ఎక్కువగా లాక్కునేది కండే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల నడకతో పాటు రెండు రోజులు కండకి పని అని ఉంది, రెండోది అందరూ మర్చిపోతారు. జిమ్‌కి ఏడాది కట్టొద్దు. ముందు ఇంట్లో ఎనిమిది వారాలు చేసి చూడండి, అప్పటికీ చేస్తుంటే నెల ఫీజు కట్టండి.

కుర్చీలో కూర్చుని చేతులు కట్టుకుని లేవడం, 10 సార్లు. అది తేలికైతే కుర్చీ తీసేసి బస్కీలు. గోడకి దండాలు 10, తర్వాత డైనింగ్ బల్ల అంచుకి, ఆ తర్వాత నేల మీద. బడి బ్యాగులో 5 కేజీల బియ్యం పెట్టి, ముందుకి వంగి, నడుము నిటారుగా ఉంచి, మోచెయ్యి వెనక్కి లాగడం, ఒక్కో చేతికి 10. మడమలెత్తి మునివేళ్ళ మీద 15. ఇదంతా రెండు విడతలు, మధ్యలో నిమిషంన్నర విశ్రాంతి. 25 నిమిషాల్లో అయిపోతుంది. సోమ, గురు పెట్టుకోండి, మధ్యలో కనీసం 48 గంటలుండాలి. ప్రతి విడతలో చివరి రెండూ కష్టంగా ఉండాలి, కష్టంగా లేకపోతే బరువు పెంచాలి.

చెడేది ఎక్కడంటే, ఊపిరి బిగబట్టడం. బీపీ ఎగురుతుంది. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. రెండోది మొదటి రోజే వంద గుంజీళ్ళు తీసి నాలుగు రోజులు మెట్లెక్కలేక మానెయ్యడం. కండ నొప్పి ఒకటి రెండు రోజులాగి వస్తుంది, పోతుంది. కీలు లోపల గుచ్చినట్టుంటే మాత్రం ఆపెయ్యాలి. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, మామూలు కన్నా ఎక్కువ ఆయాసం అయితే ఆగి డాక్టరు దగ్గరికే.

పుణుగుల_ప్రెసిడెంట్
బడిలో మాస్టారు ఉచితంగా తీయించిన గుంజీళ్ళకి ఇప్పుడు జిమ్‌లో నెలకింత అని కడుతున్నాం.

రాత్రి_డ్యూటీ
అన్నీ బాగున్నాయి. కానీ ఇది చదివితే షుగర్ వచ్చినవాడిదే తప్పన్నట్టుంది. అమ్మానాన్నలకి ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ. వారం పగలు, వారం రాత్రి డ్యూటీ చేసేవాళ్ళకి నిద్ర తక్కువ, ఆకలి ఎక్కువ. క్యాంటీన్‌లో రాత్రి రెండింటికి దొరికేది సమోసా, టీ. అక్కడ టిన్ను మీద తేదీ రాయమని ఎవరికి చెప్పాలి?

కొలత_తప్పదు
తప్పు ఎవరిదన్నది వేరే లెక్క. వంశం, షిఫ్టు మీవల్ల రాలేదు, మీరు మార్చలేరు కూడా. మార్చగలిగింది చిన్నదే అయినా అది మీ పేరున రాసుకోవాలి. రాత్రి డ్యూటీకి వెళ్ళే ముందు ఇంట్లో పూర్తి భోజనం, బ్యాగులో రెండు ఉడికిన గుడ్లు, 50 గ్రాముల వేయించిన శనగలు, మజ్జిగ సీసా. టీ రెండు కప్పులకి మించకుండా, చివరిది డ్యూటీ దిగడానికి ఆరు గంటల ముందే. ఇంటికొచ్చాక కిటికీకి మందపాటి దుప్పటి కట్టి ముందు నిద్ర. సమోసా పెట్టే క్యాంటీన్‌ని మార్చడం మీ ఒక్కరి పని కాదు, ఒప్పుకుంటా.

రాత్రి_డ్యూటీ
ఇదైతే అయ్యేలా ఉంది. కానీ అందరికీ కలిపి లిఖితంగా అడిగితే క్యాంటీన్లూ మారతాయి, ఆ మాట కూడా మీ లెక్కలో ఉండాలి.

ల్యాబు_గుమ్మం
టెస్టు గురించి నాలుగు ముక్కలు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, ఎ1సి చెప్పేది గత రెండు మూడు నెలల సరాసరి. నెలకే మళ్ళీ చేయించి "మారలేదు" అంటే అది డబ్బు దండగ. 12 వారాలాగండి. అదే ల్యాబు, అదే పద్ధతి. ఐరన్ లోపంతో రక్తహీనత ఉంటే ఎ1సి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, రక్తం బాగా పోయి ఉంటే తక్కువ చూపిస్తుంది. కాబట్టి హిమోగ్లోబిన్ పక్కనే చూసుకోండి. ఫాస్టింగ్‌కి కనీసం 8 గంటలు, మంచినీళ్ళు తాగొచ్చు. రాత్రి పదిన్నరకి భోంచేసి ఆరింటికే రావద్దు.

ఎ1సి 5.7 నుంచి 6.4 షుగర్‌కి ముందు దశ, 6.5 నుంచి షుగర్. 6.1 అంటే వెనక్కి రాగలిగిన చోటే ఉన్నారు. అమెరికాలో 2002లో వచ్చిన పెద్ద అధ్యయనంలో 7 శాతం బరువు తగ్గించడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టిన వాళ్ళలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మన దగ్గర 2006లో చెన్నై నుంచి వచ్చిన దానిలో 28.5 శాతం తగ్గింది, విశేషం ఏమంటే బరువు పెద్దగా తగ్గకుండానే. 81కి 7 శాతం అంటే 5.7 కేజీలు, ఆరు నెలలకి సరిపోయే లక్ష్యం.

డాలస్_గోంగూర
ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఒక ప్రయోగం. ఒకే పప్పు, ఒకే కూర, 195 గ్రాముల అన్నం రెండు రోజులు. మొదటి రోజు తిని కూర్చోండి, రెండో రోజు తిన్న వెంటనే 15 నిమిషాలు నడవండి. రెండు రోజులూ రెండు గంటలకి షుగర్ చూడండి, ఆ రెండు గంటలు లెక్కపెట్టేది మొదటి ముద్ద నుంచి, చెయ్యి కడిగిన దగ్గర్నుంచి కాదు. మామిడిపండు తిన్న వేలితో గుచ్చితే మామిడిపండు షుగరే చూపిస్తుంది, సబ్బుతో కడిగి ఆరాక గుచ్చండి. వేలి చివర నొక్కి పిండకండి. మీటర్‌కి 100 పైన 15 శాతం తేడా సహజం. 150కి 158 వచ్చిందని బెంగపడక్కర్లేదు.

మందుల_చీటీ
ఇది చదివే మిగతావాళ్ళకి హెచ్చరిక. ప్రశ్న అడిగినాయనకి మందులు లేవు. గ్లిమిపిరైడ్ లాంటివి, ఇన్సులిన్ వాడేవాళ్ళు అన్నం ఒక్కసారిగా సగం చేస్తే షుగర్ 70 కిందికి పడిపోవచ్చు. చెమట, వణుకు, గుండెదడ వస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్ళీ చూడాలి. డాపాగ్లిఫ్లోజిన్ రకం (షుగర్‌ని మూత్రంలోంచి పంపేసే) మందుల మీద ఉండి అన్నం పూర్తిగా మానేసి నెయ్యి, కొబ్బరినూనె మీద బతికే డైట్ చెయ్యడం ఇంకా ప్రమాదం, షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లంగా మారొచ్చు. ముందు డోసు మార్పు అడగండి, తర్వాతే తిండి మార్పు.

గుంటూరు_ఘాటు
రాసుకున్నది పెడుతున్నా, తప్పులు చెప్పండి. 1) మూడు నెలల్లో ఎ1సి 5.6కి తేవాలి. 2) 5 కేజీలు తగ్గాలి. 3) నూనె 50 రోజులు. 4) అన్నం పూటకి 195 గ్రాములు. 5) సోమ, గురు బాషా గారి 25 నిమిషాలు. 6) రాత్రి భోజనం ఎనిమిదింటికి, తర్వాత 15 నిమిషాల నడక. 7) రోజూ బరువు చూసుకోవడం.

కొలత_తప్పదు
మొదటి రెండూ కొట్టేసి కాగితం వెనక రాయండి. అవి ఫలితాలు, మీరు చెయ్యగలిగే పనులు కావు. 3 నుంచి 6 వరకు ముందు పేజీలో ఉండాలి, రోజూ టిక్కు పడేది వాటికే. వారంలో టిక్కులు 80 శాతం పడి కూడా నాలుగు వారాల్లో నడుము కదలకపోతే అప్పుడు అన్నం 195ని 170 చేస్తాం. టిక్కులే 50 శాతం ఉంటే లెక్క మార్చొద్దు, పని ఎందుకు కుదరట్లేదో చూడాలి.

ఏడోది: లేచి బాత్రూముకి వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు, గచ్చు మీద పెట్టిన మిషన్ మీద. చాప మీద పెడితే తప్పు చూపిస్తుంది. ఆదివారం బిర్యానీ తింటే సోమవారం ఒక కేజీ పెరుగుతుంది, అది ఉప్పు పట్టి ఉంచిన నీళ్ళు. మొదటి వారం కేజీన్నర పోయినా అదీ నీళ్ళే, సంబరపడొద్దు. ఏడు రోజుల సగటు మాత్రమే చూడండి.

బస్కీల_బాషా
ఒక రోజు తప్పితే ఏం చేస్తారో కూడా రాసుకోండి. సోమవారం తప్పితే మంగళవారం, అదీ తప్పితే వదిలేసి గురువారం నుంచి. రెండు రోజులది ఒకే రోజు చెయ్యొద్దు.

వంటింటి_లెక్క
మూడు, నాలుగు ఇంట్లో నలుగురివీ. ఆ కాగితం మీ ఒక్కరే ఫ్రిజ్‌కి అంటించేసి ఆవిడకి హుకుం జారీ చెయ్యకండి. కూరలు తరిగే పని మీది అని ఎనిమిదోది రాయండి. కూర రెట్టింపు కావాలంటే తరగడం కూడా రెట్టింపు కదా. శనివారం బీన్స్, క్యారెట్, క్యాబేజీ తరిగి గుడ్డ పరిచిన డబ్బాలో పెడితే మూడు రోజులుంటాయి. వంకాయ, అరటికాయ ముందే తరగొద్దు, నల్లబడతాయి.

ఉప్పల్_ఉదయం
బండి సంగతి రాయలే అన్నా. వారానికి మూడుసార్లు ఉన్నది గద.

గుంటూరు_ఘాటు
9) బండి వారానికి ఒకసారి, ఇడ్లీ మాత్రమే. 8 కూడా కలిపాను. ఇంట్లో ఎనిమిదోది చదివి రెండుసార్లు నవ్వారు.

గుంటూరు_ఘాటు
కాటా వచ్చింది. తపేలా పెట్టగానే అంకె పోయి ఎర్రర్ అని వస్తోంది. పాడైపోయిన పీస్ ఇచ్చారంటారా?

డాలస్_గోంగూర
అడుగున గరిష్ఠ బరువు ఎంతని రాసి ఉంది?

గుంటూరు_ఘాటు
500 గ్రాములు.

డాలస్_గోంగూర
వాపసు పంపి 5 కేజీలది తెప్పించండి. ఈలోగా కంచం పెట్టి సున్నా బటన్ నొక్కి అన్నం వడ్డించుకోండి. కంచం 300 దాటితే అదీ రాదు, అరిటాకు వెయ్యండి.

పుణుగుల_ప్రెసిడెంట్
బంగారం తూచేది కొన్నట్టున్నారు. సన్నబియ్యం రేటు చూస్తే తప్పేం లేదు.